ఏ భాగం ఎక్కించమంటావు

నీ ఫోన్లో చోటు ఒక్కదానికే ఉంది, ఢిల్లేసు మావా.
మనవరాలి వీడియోలు ముట్టుకోనివ్వవు,
హరికథలు తీసీమంటే కోపం.
ఆరు భాగాల్లో ఒక్కటి తేల్చు,
రేపు పలాస ఆసుపత్రిలో నాలుగ్గంటలు
మిషను నీ నెత్తురు ఉతుకుతున్నంతసేపూ
కుడిచేత్తో ఆడుకోడానికి.

ఎడంచెయ్యి సూదులకిచ్చీసేవు గదా,
రెండోది అక్కడే పోయింది.
ఒక బొటనవేలు పరిగెట్టాలి, ఒకటి గెంతాలి.
పీతల గుహలో ఆ వంతెన
రెండు చేతులున్నోడికే లొంగలేదు.

మొదటిదే గొప్పదంటాడు
నా రిపేరు షాపుకొచ్చే ప్రతీవోడూ.
అది ఆట గొప్ప కాదు మావా,
మా పదకొండేళ్ళ గొప్ప.
కాశీబుగ్గలో నీ రేకుల కొట్టు, మూడు టీవీలు,
అరగంటకి రెండ్రూపాయలు,
నిమిషం దాటితే ప్లగ్గు పీకీసే నువ్వు.
కేసెట్టు మీద కాయితం ఊడిపోతే
లాంతరు దీవి అని పేరెట్టింది కూడా నువ్వే.
పడవలో ఒక గుంటడు, చేతిలో లాంతరు,
దీవి తర్వాత దీవి.
ఎవరికోసం ఎతుకుతున్నాడో
మనకెవరికీ తెలీదు.

నాలుగోది అందగత్తె.
నీళ్ళలో చందమామ కూడా వణుకుతాడు.
అది వచ్చిన ఏడే నేను లెక్కల్లో పోయేను,
మా అయ్య నిన్నూ నన్నూ కలిపి తిట్టేడు.
ఇప్పటికీ ఆ చందమామని చూస్తే వీపు చుర్రుమంటాది.
అయిదోది ఉత్త సామాన్ల లెక్క,
ఇన్ని తాళ్ళు, ఇన్ని గొడ్డళ్ళు,
జీడి ఫేక్టరీలో గుమస్తా పని.
ఆరోదాన్లో వాడికి గొంతు పెట్టీసేరు!
ఇన్నాళ్ళూ పెదవి విప్పనోడు
గంటసేపు తన గోడు చెప్పుకుంటాడు.
నాకు నచ్చలేదు. నీకు నచ్చుతాదేమో,
పక్క మంచాలవాళ్ళెవరూ మాటాడరన్నావు గదా.

ఇక మూడోది.

అది జపాను బాస.
తెర నిండా జీడిబద్దలు ఆరబోసినట్టు అక్షరాలు,
ఎవడికీ ఒక్క ముక్క రాదు.
అప్పుడు లోలాక్షి చదివేది.
తమ్ముడి వెనకాల గోడకి ఆనుకుని,
ఆడ్డానికి డబ్బుల్లేక,
జీడినూనెకి నల్లబడ్డ వేళ్ళు పరికిణీలో దాచుకుని.
రేవులో పడవోడు నోరు తెరిస్తే
ఆ పిల్ల గొంతు ముసలిదైపోయేది:
"ఓలయ్యా, ఈ ఏరు దాటినోడు ఎనక్కి సూడకూడదు.
సూసినోడు ఏరైపోతాడు.
ఈ నీళ్ళన్నీ ఎవులనుకున్నావు?"
టీవీల చప్పుడు తప్ప కొట్లో ఊపిరి లేదు.
ఆ రోజు నువ్వు ప్లగ్గు పీకడం మర్చిపోయేవు.

మొన్న దాని ఇంగ్లీషు మాటలు దొరికేయి. చూసేను.
పడవోడు అన్నది ఇంతే:
తాడు కొనుక్కో, పది నాణేలు.
మూసీసేను.

నా దగ్గర రెండూ ఉన్నాయి మావా,
అర్థమయ్యేదీ, అర్థంకానిదీ.
అడిగినట్టు అడిగి
అర్థంకానిదే ఎక్కించీసేను, తిట్టుకో.
దానికి ఒక్క బొటనవేలు చాలు.
చచ్చిపోయినా మళ్ళీ రేవులోనే లేస్తాడు.

లోలాక్షికి ఫోన్ చేసేను.
ఇంకా ఆ గ్రేడింగు బల్ల దగ్గరే ఉంది.
తిత్లీ మన తోటలు కూల్చినా
ఎక్కణ్నించో ఓడల్లో పిక్కలొస్తున్నాయట.
నీ సంగతి చెప్తే కాసేపు ఏమీ అన్లేదు.
తర్వాత, "ఏ దీవి కాడున్నాడు?" అంది.
పదకొండున్నరకి, కేరేజీ టైములో వస్తాదట.
దానికిప్పుడు కళ్ళజోడు.
ఆ అక్షరాలకి కళ్ళజోడెందుకు.

నువ్వు మాత్రం అంతవరకూ రేవులోనే ఉండు.
అది వచ్చి చదివేదాకా పడవెక్కకు.
చార్జరు మర్చిపోకు.